బాయి గాలిని తన ఊపిరితో కొలిచిన హాల్డేన్

గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూర్ వైపు నుంచి వచ్చినవాళ్లకి బాయి అంటే నీళ్ల బావి ఒక్కటే కాదు. బాయి పని అంటే సింగరేణి పని. 2016లో జిల్లాలు విడిపోయి గోదావరిఖని పెద్దపల్లి జిల్లాలోకి, మిగతా మూడూ మంచిర్యాల జిల్లాలోకి పోయాయి కానీ, పాత కరీంనగర్, ఆదిలాబాద్ వాళ్లకి ఇప్పటికీ అదంతా ఒకటే బొగ్గు పట్టీ. మన కాలేజీలో కూడా ఫస్ట్ షిఫ్టు, నైట్ షిఫ్టు లెక్కల మధ్య పెరిగినవాళ్లు చాలామందే ఉన్నారు. మాది కూడా ఖనే.

భూగర్భ గనిలో దిగే కార్మికుడి దగ్గర టోపీ, లైటుతో పాటు నడుముకి ఒక చిన్న డబ్బా ఉంటుంది. దాన్ని సెల్ఫ్ రెస్క్యూయర్ అంటారు. లోపల ఎక్కడైనా బొగ్గు అంటుకుని కార్బన్ మోనాక్సైడ్ వస్తే, ఆ డబ్బా తెరిచి గొట్టాన్ని నోట్లో పెట్టుకుని, ముక్కుకి క్లిప్పు పెట్టుకుని, దాని గుండానే గాలి పీలుస్తూ బయటికి నడవాలి. ఫిల్టర్ రకం డబ్బాలో మాంగనీస్, రాగి ఆక్సైడ్ల మిశ్రమం ఉంటుంది. అది మోనాక్సైడ్‌ని డయాక్సైడ్‌గా మార్చేస్తుంది. ప్రాణం పోయే దగ్గర ఆ డబ్బా కొంత టైమ్ ఇస్తుంది.

అసలు ఆ డబ్బా ఎందుకు అవసరం? గాలి బాగా లేకపోతే మనిషికి తెలియదా? ఊపిరి ఆడక, దగ్గొచ్చి, తనే బయటికి పరిగెత్తడా? పరిగెత్తడు. ఎందుకు పరిగెత్తడో తన ఊపిరితిత్తుల మీదే ప్రయోగాలు చేసి చెప్పిన మనిషి జాన్ స్కాట్ హాల్డేన్. ఆయన మన దేశం వాడు కాదు, సింగరేణి ఎప్పుడూ చూడలేదు. కానీ గని గాలి గురించి ఈ రోజు మనం వాడే జ్ఞానంలో చాలా భాగం ఆయన దగ్గర మొదలైందే. ఆయన కుటుంబానికి తెలుగు నేలతో ఒక సంబంధం కూడా ఉంది. అది చివర్లో చెప్తాను.

పడకగదుల గాలి

హాల్డేన్ 1860లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టాడు. బాగా ఉన్న కుటుంబం. అన్న రిచర్డ్ తర్వాత బ్రిటన్‌లో మంత్రి అయ్యాడు. జాన్ మాత్రం ఎడిన్‌బరో యూనివర్సిటీలో 1884లో మెడిసిన్ పూర్తి చేశాడు. డాక్టరుగా ప్రాక్టీస్ పెట్టుకుని ఉంటే హాయిగా బతికేవాడు. ఆయనకి మాత్రం మనుషులు పీల్చే గాలి మీద ఆసక్తి కలిగింది.

డండీ అనే ఊళ్లో ఉద్యోగం చేస్తూ, కార్నెలీ అనే ప్రొఫెసర్‌తో కలిసి ఒక విచిత్రమైన పని పెట్టుకున్నాడు. పేదవాళ్ల ఇళ్లు, స్కూళ్లు, మురుగు కాలువలు, ఇలా ఎక్కడ పడితే అక్కడ గాలిని సీసాల్లో పట్టి ల్యాబ్‌లో కొలవడం. అర్ధరాత్రి వెళ్లి తలుపు తట్టి, ఒకే గదిలో కుటుంబమంతా పడుకున్న ఇళ్లలో గాలి శాంపిల్ తీసుకునేవాళ్లు. గాలి ఎలా ఉంటుందో తెలియాలంటే జనం పడుకుని ఉన్నప్పుడే చూడాలి కదా. 1887లో ఆ ఫలితాలు వచ్చాయి. అదే ఏడాది ఆయన ఆక్స్‌ఫర్డ్‌కి వెళ్లాడు. అక్కడ ఫిజియాలజీ ప్రొఫెసర్ బర్డన్ శాండర్సన్ ఆయనకి మేనమామ.

హాల్డేన్ ఆక్స్‌ఫర్డ్‌లో స్థిరపడుతున్న ఆ రోజుల్లోనే, 1889లో, నిజాం రాజ్యంలోని ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైంది. సింగరేణి కథ మొదలైంది అక్కడే.

ముందు ఊపిరి సంగతి

హాల్డేన్ చేసింది అర్థం కావాలంటే ఊపిరితిత్తుల పని కొంచెం తెలియాలి. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్నవాళ్లం బయాలజీని టెన్త్‌లోనే వదిలేశాం కాబట్టి మళ్లీ చూద్దాం.

ఊపిరితిత్తుల్లో కండరాలు లేవు. అవి తమంతట తాము గాలి లాగవు. కింద ఉన్న డయాఫ్రమ్ కిందికి దిగుతుంది, పక్కటెముకలు పైకి లేస్తాయి. ఛాతీ లోపల చోటు పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది, బయటి గాలి లోపలికి వస్తుంది. గాలి గొట్టం రెండుగా, ఆ రెండూ నాలుగుగా, అలా 20 సార్లకు పైగా చీలుతూ పోతుంది. కంప్యూటర్ సైన్స్ వాళ్లకి బైనరీ ట్రీ అంటే వెంటనే వెలుగుతుంది. ఆ ట్రీ చివర ఆకుల్లాగా ఆల్వియోలై అనే చిన్న చిన్న గాలి బుడగలు ఉంటాయి. కొన్ని కోట్లు. అన్నీ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు, అంటే షటిల్ సింగిల్స్ కోర్టంత వస్తుంది.

ప్రతి బుడగ చుట్టూ సన్నటి రక్తనాళాల వల ఉంటుంది. బుడగలోని గాలికీ రక్తానికీ మధ్య గోడ ఒక మైక్రాన్ కూడా ఉండదు. ఇక్కడ ఏ పంపూ లేదు. వాయువు ఎక్కువ పీడనం ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి పోతుంది, అంతే. బుడగలో ఆక్సిజన్ పీడనం సుమారు 100 మిల్లీమీటర్లు, వచ్చే రక్తంలో 40. కాబట్టి ఆక్సిజన్ రక్తంలోకి దూకుతుంది. కార్బన్ డయాక్సైడ్ రక్తంలో 46, బుడగలో 40. అది బయటికి వస్తుంది. తేడా చిన్నదే అయినా డయాక్సైడ్ చాలా తేలిగ్గా గోడ దాటుతుంది కాబట్టి సరిపోతుంది. రక్తకణం ఆ బుడగ పక్కనుంచి పోయేది ముప్పావు సెకను మాత్రమే. ఆ కాస్త సేపట్లోనే ఇచ్చిపుచ్చుకోవడం అయిపోతుంది. పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం, వదిలే గాలిలో సుమారు 16 శాతం. కార్బన్ డయాక్సైడ్ 0.04 నుంచి 4 శాతానికి పెరుగుతుంది.

రక్తంలోకి వచ్చిన ఆక్సిజన్‌ని మోసేది ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్. హాల్డేన్ కాలానికి ఇందులో కొంత తెలుసు. తెలియనిది ఏంటంటే, ఎప్పుడు ఎంత గాలి పీల్చాలో శరీరానికి చెప్పేది ఎవరు అనేది.

పెట్టెలో కూర్చున్న ప్రొఫెసర్

1890ల మొదట్లో హాల్డేన్, లోరైన్ స్మిత్ కలిసి మనిషి పట్టేంత మూసిన పెట్టె ఒకటి చేయించారు. అందులో కూర్చుని, తాను వదిలిన గాలినే మళ్లీ మళ్లీ పీల్చడం. ఆక్సిజన్ తగ్గుతూ పోతుంది, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతూ పోతుంది. గంటలు గడిచేకొద్దీ రొప్పు, తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండడం. ఇక్కడిదాకా ఎవరైనా ఊహిస్తారు.

తర్వాత ఆయన ఒక్క వేరియబుల్ మార్చాడు. వదిలిన గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని సోడా సున్నంతో పీల్చేయించి, మిగిలిన గాలిని మళ్లీ పీల్చాడు. ఇప్పుడు ఆక్సిజన్ తగ్గుతోంది, డయాక్సైడ్ మాత్రం పెరగట్లేదు. రొప్పు దాదాపు రాలేదు. హాయిగానే ఉంది. అలా హాయిగా ఉండగానే స్పృహ తప్పే దాకా వెళ్లిపోతాం.

ఇది చాలా పెద్ద విషయం. ఊపిరి ఆడట్లేదు అనే బాధ మనకి ఆక్సిజన్ తగ్గినందుకు రాదు, కార్బన్ డయాక్సైడ్ పెరిగినందుకు వస్తుంది. ఆక్సిజన్‌కి సెన్సార్ పూర్తిగా లేదని కాదు. మెడ దగ్గర ఉంది, దాని సంగతి తర్వాత కాలంలో తేలింది. కానీ అది ఆలస్యంగా, ఆక్సిజన్ బాగా పడిపోయాకే గట్టిగా మోగుతుంది.

బాయిలో ఏం జరుగుతుంది

బొగ్గు ఊరికే ఉండదు. గాలి తగిలితే నెమ్మదిగా ఆక్సిజన్‌ని తీసేసుకుంటుంది. మూసేసిన పాత గ్యాలరీల్లో ఇలా ఆక్సిజన్ పోయి మిగిలే గాలిని ఇంగ్లండ్ గని కార్మికులు బ్లాక్‌డ్యాంప్ అనేవాళ్లు. అది ఏదో ప్రత్యేకమైన విష వాయువు అనుకునేవాళ్లు. హాల్డేన్ స్వయంగా గనుల్లోకి దిగి, శాంపిల్ తెచ్చి కొలిచి, అది ఎక్కువ భాగం నైట్రోజన్, కొంచెం కార్బన్ డయాక్సైడ్ అని తేల్చాడు. అంటే అక్కడ విషం కలవలేదు, ఉండాల్సిన ఆక్సిజన్ పోయింది. ఆ ఆక్సిజన్ తీసుకునే పని వేగం పెరిగి, వేడి బయటికి పోకపోతే బొగ్గు దానంతట అదే అంటుకుంటుంది. రామగుండం వైపు బాయిల గురించి తెలిసినవాళ్లకి ఈ సంగతి కొత్త కాదు. పని అయిపోయిన చోట్లకి గోడలు కట్టి మూసేది అందుకే.

1894లో వేల్స్‌లోని ఆల్బియన్ గనిలో పేలుడు జరిగి 290 మంది చనిపోయారు. 1896 జనవరిలో అదే ప్రాంతంలోని టైలర్స్‌టౌన్‌లో పేలుడు, 57 మంది. ప్రభుత్వం కారణాలు చూడమంటే హాల్డేన్ అక్కడికి వెళ్లాడు. చనిపోయినవాళ్ల శరీరాలు చూశాడు, రక్తం పరీక్షించాడు. పేలుడు దెబ్బకి చనిపోయి ఉంటారని అందరూ అనుకున్నారు. కానీ చాలామంది ఒంటి మీద ప్రాణం పోయేంత గాయాలే లేవు. చర్మం గులాబీ రంగులో, బతికి ఉన్నవాళ్లకంటే ఆరోగ్యంగా ఉన్నట్టు కనిపిస్తోంది. వాళ్లని చంపింది పేలుడు తర్వాత మిగిలిన కార్బన్ మోనాక్సైడ్.

ఈ వాయువుకి రంగు లేదు, వాసన లేదు. హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. అతుక్కున్న చోట ఆక్సిజన్‌కి సీటు ఉండదు. ఇంకో దెబ్బ ఏంటంటే, మిగిలిన సీట్లలో కూర్చున్న ఆక్సిజన్ కూడా కణాల దగ్గర దిగడానికి మొరాయిస్తుంది. ఊపిరితిత్తులు మాత్రం మామూలుగానే పని చేస్తుంటాయి. కార్బన్ డయాక్సైడ్ మామూలుగానే బయటికి పోతుంటుంది. కాబట్టి రొప్పు రాదు, భయం వేయదు. గట్టిగా నడవబోతే మోకాళ్లు కూలిపోతాయి. అప్పటికే ఆలస్యం అయి ఉంటుంది.

ఇదంతా ఆయనకి ఎలా తెలుసంటే, తనే పీల్చాడు కాబట్టి. టైలర్స్‌టౌన్‌కి ముందే ల్యాబ్‌లో కొలిచిన మోతాదులో కార్బన్ మోనాక్సైడ్ పీలుస్తూ, మధ్యమధ్యలో తన రక్తం తీసి అందులో ఎంత శాతం ఆక్రమించిందో చూస్తూ, లక్షణాలు నోట్ చేసుకున్నాడు. రక్తంలో సగానికి పైగా ఆక్రమించేదాకా వెళ్లాడు. అప్పటికి చూపు మసకబారి, సరిగా నిలబడే స్థితిలో కూడా లేడు. ఒక్క శాతం అటూ ఇటూ అయినా ఈ వ్యాసం రాయడానికి మనకి కథే ఉండేది కాదు.

1897లో ఐల్ ఆఫ్ మ్యాన్‌లోని స్నేఫెల్ సీసం గనిలో మంట వల్ల 20 మంది చనిపోయారు. చివరి శవం కోసం దిగిన గనుల ఇన్‌స్పెక్టర్ ఫోస్టర్ లోపలే విష గాలికి చిక్కుకున్నాడు. ఇక బతకననుకుని తన నోట్‌బుక్‌లో ఇంట్లోవాళ్లకి వీడ్కోలు రాశాడు. బయటికి తీసి బతికించాక చూస్తే, అదే వీడ్కోలు మళ్లీ మళ్లీ రాసి ఉంది. నొప్పి లేదు, మెదడు మాత్రం ఒకే చోట తిరుగుతోంది. హాల్డేన్ ల్యాబ్‌లో కనుక్కున్నదే ఆ నోట్‌బుక్ చెప్పింది.

ఎలుకలు, కానరీ పిట్టలు

శరీరంలో అలారం లేదు. అయితే బయటి నుంచి ఒక అలారం తీసుకుపోవాలి. హాల్డేన్ మొదట చెప్పింది చిట్టెలుకలు. తర్వాత కానరీ పిట్టలు వచ్చాయి. చిన్న జంతువుకి ఒంటి బరువు లెక్కన ఆక్సిజన్ చాలా ఎక్కువ కావాలి, ఊపిరి వేగంగా తీస్తుంది, కాబట్టి విషం దాని రక్తంలోకి మనకంటే ఎంతో ముందే చేరుతుంది. పిట్టల ఊపిరితిత్తుల్లో ఇంకో సౌకర్యం ఉంది. గాలి లోపలికి వచ్చేటప్పుడూ బయటికి పోయేటప్పుడూ కూడా వాటికి ఆక్సిజన్ అందుతుంది, దాంతో పాటే విషమూ అందుతుంది. ఎలుక నిద్రపోయిందా పడిపోయిందా అనేది చీకట్లో తెలియదు. పిట్ట కొమ్మ మీద నుంచి పడితే ఎవరికైనా కనిపిస్తుంది. పంజరానికే చిన్న ఆక్సిజన్ సిలిండర్ పెట్టి, పడిన పిట్టని మళ్లీ బతికించే ఏర్పాటు కూడా తర్వాత వచ్చింది. బ్రిటన్ గనుల్లో ఈ పిట్టలు 1986 దాకా డ్యూటీ చేశాయి. ఆ తర్వాత ఎలక్ట్రానిక్ డిటెక్టర్లు వచ్చాయి.

0.2 శాతం

1905లో హాల్డేన్, ప్రీస్ట్లీ కలిసి అసలు లెక్క బయట పెట్టారు. ఒక పొడవైన గొట్టంలోకి గట్టిగా ఊపిరి వదిలి, చివర్లో వచ్చే గాలిని పట్టుకుంటే అది ఆల్వియోలైలోని గాలి. మొదట వచ్చేది గొంతులో ఉన్న గాలి కదా. ఈ చిన్న ఉపాయంతో లోతైన గనిలో కొలిచారు, బెన్ నెవిస్ కొండ మీద కొలిచారు. చుట్టూ గాలి పీడనం మారినా ఆల్వియోలైలో కార్బన్ డయాక్సైడ్ పీడనం మాత్రం దాదాపు ఒకేలా ఉంది. అది కేవలం 0.2 శాతం పెరిగితే చాలు, మనిషి పీల్చే గాలి రెట్టింపు అవుతుంది.

మన భాషలో చెప్పాలంటే ఇది ఫీడ్‌బ్యాక్ లూప్. మెదడు కింది భాగంలో సెన్సార్, కార్బన్ డయాక్సైడ్ ఇన్‌పుట్, ఊపిరి ఔట్‌పుట్. థర్మోస్టాట్ కంటే కచ్చితంగా నడుస్తుంది. కానీ సెన్సార్ చూసేది డయాక్సైడ్‌నే. ఆ లోపం మనకి పుట్టుకతో వచ్చింది.

ఈత కొట్టేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. నీళ్లలో ఎక్కువసేపు మునగాలని ముందుగా పది ఇరవై సార్లు గట్టిగా ఊపిరి తీసి వదులుతుంటారు. దానివల్ల రక్తంలో ఆక్సిజన్ పెద్దగా పెరగదు, అది ముందే నిండి ఉంటుంది. డయాక్సైడ్ మాత్రం బాగా తగ్గిపోతుంది. ఇక పైకి రావాలని శరీరం చెప్పేలోపే ఆక్సిజన్ అయిపోయి నీళ్లలోనే స్పృహ తప్పుతుంది. కోవిడ్‌లో కొందరు ఆక్సిజన్ లెవల్ బాగా పడిపోయినా మామూలుగా ఫోన్‌లో మాట్లాడుతూ కనిపించడానికి ఒక కారణం కూడా ఇదే. డయాక్సైడ్ బయటికి పోతున్నంతసేపూ ఆయాసం పెద్దగా తెలియదు. అందుకే వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టి చూడాల్సి వచ్చింది. మామూలు ఆక్సీమీటర్ కూడా కార్బన్ మోనాక్సైడ్ అతుక్కున్న రక్తాన్ని ఆక్సిజన్ ఉన్న రక్తమే అనుకుంటుంది. దాన్ని కూడా మోసం చేసే వాయువు అది.

మేకలు, కొండలు, యుద్ధం

తర్వాత బ్రిటిష్ నేవీ ఆయన్ని పిలిచింది. లోతుగా దిగిన డైవర్లు పైకి రాగానే కీళ్ల నొప్పులు, పక్షవాతం. ఒత్తిడిలో రక్తంలో కరిగిన నైట్రోజన్, సోడా సీసా మూత తీసినట్టు బుడగలై వస్తుంది. మేకల మీద ప్రయోగాలు చేసి, ఏ లోతులో ఎంతసేపు ఆగుతూ పైకి రావాలో టేబుల్స్ తయారు చేసి 1908లో అచ్చు వేశారు. నేటి స్కూబా డైవింగ్ లెక్కలకి అదే పునాది.

1911లో అమెరికాలోని పైక్స్ పీక్ మీద, 14,110 అడుగుల ఎత్తులో, కొన్ని వారాలు ఉండి పల్చటి గాలికి శరీరం ఎలా అలవాటు పడుతుందో చూశారు. ఆ బృందంలో మేబెల్ ఫిట్జెరాల్డ్ అనే శాస్త్రవేత్త కొలరాడో గని ఊళ్లన్నీ తిరిగి వేరువేరు ఎత్తుల్లో జనం ఊపిరి కొలిచింది. ఆ యాత్ర వల్ల హాల్డేన్‌కి ఒక నమ్మకం గట్టిపడింది. అవసరమైతే ఊపిరితిత్తులు ఆక్సిజన్‌ని తామే రక్తంలోకి తోస్తాయని ఆయన అనేవాడు. డెన్మార్క్‌కి చెందిన క్రోగ్ దంపతులు, ఇంగ్లండ్‌లో బార్‌క్రాఫ్ట్ కొలతలతో సహా అది తప్పని చూపించారు. పైన చెప్పుకున్నట్టు అక్కడ పంపు ఏమీ లేదు, పీడనం తేడా ఒక్కటే. హాల్డేన్ మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు.

1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం క్లోరిన్ వదిలింది. వెంటనే హాల్డేన్‌ని ఫ్రాన్స్ పంపారు. అక్కడ సైనికుల ఊపిరితిత్తులు నీటితో నిండిపోయి, ఒడ్డు మీదే మునిగిపోతున్నట్టు చనిపోవడం చూశాడు. ఆల్వియోలై గోడ దెబ్బతింటే రక్తంలోని నీరు లోపలికి కారుతుంది, ఆక్సిజన్ దాటే దారి మూసుకుపోతుంది. మళ్లీ అదే పద్ధతి. గదిలో క్లోరిన్ వదిలించుకుని తను, తన తోటివాళ్లు పీల్చి, ఏ మాస్క్ ఎంత ఆపుతుందో చూశారు. ఆ పరీక్షలకి యుద్ధంలో ఉన్న కొడుకుని కూడా పిలిపించాడు. అదే సమయంలో ఆయన అన్న రిచర్డ్ జర్మనీ పక్షపాతి అనే నిందతో మంత్రి పదవి పోగొట్టుకున్నాడు. తమ్ముడు మాత్రం జర్మన్ గ్యాస్ పీలుస్తూ ల్యాబ్‌లో ఉన్నాడు. విష వాయువు తగిలిన రోగులకి ఆక్సిజన్‌ని కొలిచి, ఆపకుండా ఇవ్వాలని 1917లో ఆయన రాసింది నేటి ఆస్పత్రుల ఆక్సిజన్ వైద్యానికి తొలి మెట్టు.

ఆయన చూడలేకపోయింది

హాల్డేన్ 1912 నుంచి గనుల పరిశోధన ల్యాబ్‌కి డైరెక్టర్. గని కార్మికులు ఆయన్ని తమ మనిషిగా చూసేవాళ్లు. కార్న్‌వాల్ తగరం గనుల్లో రాతి దుమ్ము వల్ల ఊపిరితిత్తులు పాడవుతున్నాయని ఆయనే చెప్పాడు. కానీ బొగ్గు దుమ్ము ఏమీ చేయదని నమ్మాడు. అంత పెద్ద మనిషి మాట కాబట్టి చాలామంది విన్నారు.

ఆ మాట తప్పు. బొగ్గు దుమ్ము ఆల్వియోలైలోకి చేరితే అక్కడి రక్షణ కణాలు దాన్ని మింగుతాయి, కానీ అరిగించుకోలేవు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ చోట మచ్చ కడుతుంది. మైక్రాన్ కూడా లేని గోడ గట్టిపడుతుంది. ఆక్సిజన్ దాటడం కష్టమవుతుంది. దీన్నే న్యుమోకోనియోసిస్ అంటారు. బ్రిటన్ దీనికి పరిహారం ఇవ్వడం 1943లో గానీ మొదలుపెట్టలేదు. మన దేశంలో ఇది ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బు.

అంత జాగ్రత్తగా కొలిచే మనిషి ఇక్కడ ఎలా పొరబడ్డాడు? నాకు అనిపించింది ఇది. ఆయన పద్ధతి తన శరీరాన్నే మీటర్‌గా వాడడం. ఒక గంటలో మనిషిని పడేసే వాయువుని ఆ మీటర్ అద్భుతంగా పట్టుకుంది. ఇరవై ఏళ్లు పట్టే జబ్బు ఒక మధ్యాహ్నం పెట్టెలో కూర్చుంటే దొరకదు. దానికి వందల మంది కార్మికులకి ఏళ్ల తరబడి ఎక్స్‌రేలు తీసి, రికార్డులు దాచి, లెక్క కట్టాలి. ఒక్కడి ధైర్యం అక్కడ చాలదు. రిటైరైన బాయి కార్మికులు మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగడం మన కాలనీల్లో చూస్తుంటాం. అందరిదీ దుమ్ము వల్లే అని చెప్పలేం, వయసు ఉంటుంది, బీడీ ఉంటుంది. కానీ ఆ తేడా తెలిసేది పరీక్ష చేస్తేనే. ఇంట్లో ఎవరైనా ఉంటే ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష వాయిదా వేయనివ్వకండి.

కాకినాడ దాకా

1936 మార్చిలో హాల్డేన్ ఆక్స్‌ఫర్డ్‌లో చనిపోయాడు. అప్పటికి 75 ఏళ్లు. చమురు కార్మికులకి ఎండదెబ్బ ఎందుకు తగులుతోందో చూడటానికి ఇరాన్, ఇరాక్ వైపు వెళ్లి వచ్చిన కొద్ది రోజులకే న్యుమోనియా. జీవితమంతా వాడుకున్న ఊపిరితిత్తులే చివరికి ఆగిపోయాయి.

ఇక కొడుకు సంగతి. జె.బి.ఎస్. హాల్డేన్ చిన్నప్పటి నుంచే తండ్రి ప్రయోగాల్లో ఒక భాగం. ఒకసారి తండ్రి ఆ పిల్లాడిని గనిలోకి తీసుకుపోయి, ఒక తక్కువ ఎత్తు గ్యాలరీలో నిలబెట్టి, షేక్‌స్పియర్ నాటకంలోని ఒక ప్రసంగం అప్పజెప్పమన్నాడు. కొన్ని లైన్లు కాగానే పిల్లాడికి కాళ్లు తేలిపోయి కింద పడ్డాడు. కింద గాలి బాగుంది, తేరుకున్నాడు. మీథేన్ గాలి కంటే తేలిక, పైకప్పు దగ్గర చేరుతుంది అనే పాఠం ఆ పిల్లాడు జన్మలో మర్చిపోలేదు. ఇప్పుడు ఏ తండ్రి అలా చేసినా మనం ఊరుకోం, అది వేరే సంగతి.

ఆ పిల్లాడే పెద్ద జన్యుశాస్త్రవేత్త అయ్యాడు. 1957లో ఇండియాకి వచ్చి, ఇక్కడి పౌరసత్వం తీసుకుని, మొదట కలకత్తాలో, తర్వాత భువనేశ్వర్‌లో పని చేశాడు. మన తెలుగువాడైన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుల్లో ఒకరు. 1964 డిసెంబర్ 1న జె.బి.ఎస్. చనిపోయాక, ఆయన కోరిక ప్రకారమే శరీరాన్ని కాకినాడలోని రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు, విద్యార్థులు చూసి నేర్చుకోవడానికి. తండ్రి బతికుండగా తన శరీరాన్ని ల్యాబ్ చేశాడు. కొడుకు పోయాక తనది తెలుగు పిల్లలకి పాఠం చేశాడు.

చివరిగా ఒక మాట. ఎండాకాలం సెలవుల్లో ఊళ్లకి పోతాం. పాత బావుల్లో పూడిక తీయడం, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేయడం అప్పుడే ఎక్కువ. ఒకరు దిగి పడిపోతారు, కాపాడదామని ఇంకొకరు దిగి పడిపోతారు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. పైనుంచి దీపం దింపి చూసే పాత అలవాటు మంచిదే. ఆక్సిజన్ బాగా తగ్గితే దీపం ఆరిపోతుంది. కానీ దీపం వెలుగుతోంది కదా అని దిగిపోవద్దు, విష వాయువుల సంగతి దీపం చెప్పదు. మండే వాయువు ఉంటే దీపమే ప్రమాదం, కాబట్టి సెప్టిక్ ట్యాంకులో అసలు దింపొద్దు. లోపల ఎవరైనా పడిపోతే తాడు, గాలి, ఫైర్ స్టేషన్ వాళ్లకి ఫోన్, ఇవే ముందు. మన సెన్సార్ మీద నమ్మకంతో దిగొద్దు. అది ఆక్సిజన్‌ని చూడదని హాల్డేన్ నూరేళ్ల కిందటే పరీక్ష చేసి చెప్పాడు.